సీటీసీ 30 శాతం పెరిగింది, నెలకి చేతికి పెరిగేది 4,500: ఈ ఆఫర్ మీద ఎలా మాట్లాడాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: టెస్ట్ ఆటోమేషన్‌లో నాలుగేళ్ల అనుభవం, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇప్పటి సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 9.2 లక్షలు. కొత్త కంపెనీ 12 లక్షలు ఇస్తానంది, అందులో 1.2 లక్షలు వేరియబుల్, అంటే ఫలితాలని బట్టి వచ్చేది. ఇంకొంచెం పెంచమంటే "30 శాతానికి మించి హైక్ ఇవ్వడం మా పాలసీలో లేదు" అన్నారు హెచ్‌ఆర్. గట్టిగా అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారా? లేక ఈ ఆఫర్ చూపించి ఉన్న కంపెనీలోనే పెంచమనడం మేలా? ఇప్పటి జీతం దాచొచ్చా, పెంచి చెప్పొచ్చా?

ముందు భయం సంగతి. మర్యాదగా, కారణం చెప్పి, ఒక్కసారి అడిగినందుకు ఆఫర్ రద్దవడం చాలా అరుదు. మిమ్మల్ని ఎంపిక చేసేసరికే కంపెనీ మూడు నాలుగు రౌండ్లకి సీనియర్ల టైం ఖర్చు పెట్టేసింది. అక్కడ మేనేజర్ ఖాళీ సీటుతో ప్రాజెక్టు ఈడుస్తున్నాడు. ఆఫర్లు పోయేది వేరే కారణాలకి: జీతం ఎక్కువ చెప్పి వెరిఫికేషన్‌లో దొరికిపోవడం, ఒప్పుకున్నాక మళ్లీ కొత్త అంకె పట్టుకుని రావడం, వారం పాటు ఫోన్ ఎత్తకపోవడం, లేదా కంపెనీలో హైరింగే ఆగిపోవడం. ఈ చివరిది మీరు అడిగినా జరుగుతుంది, అడక్కపోయినా జరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు సీటీసీ అంకె మీద మాట్లాడుతున్నారు. మాట్లాడాల్సింది ఫిక్స్‌డ్ మీద, అంటే వేరియబుల్ తీసేస్తే మిగిలేదాని మీద. రెండు ఉద్యోగాల బ్రేకప్ (దేనికి ఎంత అన్న లెక్క) పక్కపక్కన పెట్టి చూడండి. మీ ఆఫర్ పూర్తి బ్రేకప్ మీ ప్రశ్నలో లేదు కాబట్టి మామూలుగా కనిపించే పద్ధతిలో వేస్తున్నాను: ఫిక్స్‌డ్‌లో సగం బేసిక్, పీఎఫ్ పూర్తి బేసిక్ మీద, ఇన్సూరెన్స్ ప్రీమియం సీటీసీలోనే.

కొత్త ఆఫర్: సీటీసీ 12,00,000. ఇందులోంచి వేరియబుల్ 1,20,000 పక్కన పెడితే ఫిక్స్‌డ్ 10,80,000. బేసిక్ ఏడాదికి 5,40,000, అంటే నెలకి 45,000. కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం చొప్పున 64,800. గ్రాట్యుటీ బేసిక్‌లో 4.81 శాతం, 25,974. ఇన్సూరెన్స్ 15,000 అనుకుందాం. ఇవన్నీ పోతే ఏడాది గ్రాస్ 9,74,226, నెలకి 81,185. ఇందులోంచి మీ వాటా పీఎఫ్ 5,400, ప్రొఫెషనల్ టాక్స్ 200 కట్ అవుతాయి. చేతికి 75,585.

ఇప్పటి ఉద్యోగం: సీటీసీ 9,20,000, వేరియబుల్ లేదు. బేసిక్ నెలకి 37,000, పీఎఫ్ 15,000 పరిమితి మీదే కడుతున్నారు కాబట్టి నెలకి 1,800, గ్రాట్యుటీ ఏడాదికి 21,356, ఇన్సూరెన్స్ సీటీసీ బయట అనుకుంటే, గ్రాస్ నెలకి 73,087. మీ పీఎఫ్, ప్రొఫెషనల్ టాక్స్ పోగా చేతికి 71,087.

తేడా 4,498 రూపాయలు. సీటీసీలో 30 శాతం, చేతికొచ్చే జీతంలో 6 శాతం.

ఇందులో మోసమేమీ లేదు, మిగతా డబ్బు వేరే గదుల్లో ఉంది. రెండు వాటాలూ కలిపి పీఎఫ్‌లోకి నెలకి 7,200 ఎక్కువ పోతోంది, అది మీదే. వేరియబుల్ పూర్తిగా ఇస్తే నెలకి 10,000 లెక్క, అది మీదయ్యేదాకా మీది కాదు. ఇన్సూరెన్స్ 15,000 ఇప్పుడు మీ లెక్కలో పడింది, ఇంతకుముందు కంపెనీ పెట్టుకునేది. గ్రాట్యుటీ అయిదేళ్లు నిండితేనే వస్తుంది. కొత్త లేబర్ కోడ్‌లలో ఏడాదికే గ్రాట్యుటీ అనే వెసులుబాటు ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకి ఇచ్చారు, మీలాంటి పర్మనెంట్ వాళ్లకి పాత అయిదేళ్ల లెక్కే. మూడేళ్లలో మళ్లీ మారే ఆలోచన ఉంటే ఆ 25,974ని సున్నా కింద వేసుకోండి.

బేసిక్ సగానికి ఎందుకొచ్చిందని అడగొచ్చు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేజెస్ కింద లెక్కకట్టాలి. కంపెనీలు బేసిక్‌ని పైకి జరుపుతున్నది అందుకే. బేసిక్ పెరిగితే గ్రాట్యుటీ పెరుగుతుంది, పూర్తి బేసిక్ మీద పీఎఫ్ కట్టే చోట పీఎఫ్ కూడా పెరుగుతుంది, అదే సీటీసీలో చేతికొచ్చేది తగ్గుతుంది. రెండేళ్ల కిందట స్నేహితుడికి 12 లక్షల ఆఫర్‌లో ఎంత వచ్చిందో కనుక్కుని దాంతో పోల్చుకుంటే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు శాతాలు చూడండి. మీ ఇప్పటి 9.2 మొత్తం ఫిక్స్‌డే. కొత్త ఫిక్స్‌డ్ 10.8. పెరిగింది 17 శాతం. హెచ్‌ఆర్ చెప్పిన "30 శాతం పాలసీ" ఇంకా నిండలేదన్నమాట, ఫిక్స్‌డ్ నుంచి ఫిక్స్‌డ్‌కి లెక్క వేస్తే. మీ చేతిలో ఉన్న బలమైన మాట ఇదే. పాలసీని ఎదిరించక్కర్లేదు, ఆ పాలసీ లోపలే చోటుందని చూపిస్తే చాలు.

అవతల ఫోన్‌లో ఉన్న వ్యక్తి సంగతి కూడా తెలియాలి. రిక్రూటర్‌కి జీతం పెంచే అధికారం ఉండదు. ఆ పోస్టుకి ఒక గ్రేడ్, ఆ గ్రేడ్‌కి కింద అంకె, పై అంకె ఉన్న ఒక బ్యాండ్ ఉంటాయి. బ్యాండ్ మధ్య దాకా ఇవ్వడానికి పెద్ద అభ్యంతరం ఉండదు. అది దాటాలంటే కాంపెన్సేషన్ టీమ్‌కో, బిజినెస్ హెడ్‌కో ఒక అప్రూవల్ నోట్ వెళ్లాలి, అందులో "ఎందుకు" అనే గడి ఉంటుంది. ఆ గడిలో రాయడానికి రిక్రూటర్ దగ్గర ఏమీ లేకపోతే ఫైలు కదలదు. "నా ఖర్చులు పెరిగాయి", "హోమ్‌లోన్ ఉంది", "నా ఫ్రెండ్‌కి ఎక్కువ వస్తోంది" అనేవి ఆ గడిలో పట్టవు. "ఫిక్స్‌డ్ మీద హైక్ 17 శాతమే, అభ్యర్థికి ఏపీఐ ఆటోమేషన్‌తో పాటు పెర్ఫార్మెన్స్ టెస్టింగ్ కూడా వచ్చు, జాబ్ డిస్క్రిప్షన్‌లో రెండూ ఉన్నాయి, శుక్రవారం లోపు సంతకం చేస్తానంటున్నారు" అనేది పడుతుంది. అంటే మీరు రిక్రూటర్ నోట్ మీరే రాసిపెడుతున్నారు. ఆమెని ఎదుటి పక్షంగా చూడటం మానేస్తే సంభాషణ సగం తేలికవుతుంది, పోస్టు నిండితేనే ఆమె టార్గెట్ కూడా నిండుతుంది.

గ్రేడ్ విషయం ఒకటి చెప్పాలి. మిమ్మల్ని ఇంజినీర్ గ్రేడ్‌లో పెట్టి, పని సీనియర్ ఇంజినీర్‌ది చెబుతుంటే, అంకె మీద ఎంత లాగినా బ్యాండ్ పైకప్పు తగులుతుంది. అప్పుడు అడగాల్సింది గ్రేడ్. దీన్ని హెచ్‌ఆర్‌ని కాదు, మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌ని అడగాలి: "నేను చేయబోయే పని ఏ లెవెల్‌కి అనుకుంటున్నారు? ఆ లెవెల్‌కీ దాని పైదానికీ తేడా ఏంటి?" లెటర్ ఒకసారి ఆ గ్రేడ్‌తో విడుదలైతే మార్చడం దాదాపు అసాధ్యం, మళ్లీ ప్రమోషన్ సైకిల్ దాకా ఆగాలి.

ఎంత అడగాలి? ముందు మార్కెట్ చూడండి. యాంబిషన్‌బాక్స్, గ్లాస్‌డోర్ లాంటి చోట్ల కనిపించే సగటుని పట్టుకోకండి, అందులో పాత జీతాలూ, వేరే ఊళ్లవీ, వేరియబుల్ కలిపినవీ అన్నీ ఉంటాయి. అదే ఊరు, అదే అనుభవం, గత ఏడాది లోపు పెట్టినవి ఏరుకోండి. అంతకన్నా నమ్మకమైనది మీకు ఫోన్ చేసే వేరే రిక్రూటర్లు. ఆసక్తి లేకపోయినా "ఈ పోస్టుకి ఫిక్స్‌డ్ బడ్జెట్ ఎంత దాకా ఉంది?" అని అడగండి. ఐదారుగురిని అడిగేసరికి మీ రేటు ఏ అంకెల మధ్య ఉందో తెలిసిపోతుంది.

మీ మార్కెట్ అంకెలు ఒప్పుకుంటే, ఈ ఆఫర్‌కి ఇలా పెట్టుకోమంటాను: అడిగేది ఫిక్స్‌డ్ 12 లక్షలు, వేరియబుల్ దాని పైన. సంతోషంగా ఒప్పుకునేది ఫిక్స్‌డ్ 11.5. ఇంతకన్నా తక్కువైతే వద్దనుకునేది ఫిక్స్‌డ్ 11. 12 అంటే మీ ఇప్పటి ఫిక్స్‌డ్ మీద 30.4 శాతం, వాళ్ల నోటి నుంచి వచ్చిన అంకె దగ్గరే ఉన్నారు. పై లెక్క ప్రకారం ఫిక్స్‌డ్‌లో లక్ష పెరిగితే చేతికి నెలకి సుమారు 7,100 పెరుగుతుంది. 11.5కి తెగితే 80,579 వస్తుంది. ఈ మూడు అంకెలూ ఫోన్ ఎత్తే ముందు కాగితం మీద రాసుకోండి. కాల్‌లో ఉండగా లెక్కలు వేసేవాళ్లు ఎప్పుడూ తక్కువకే ఒప్పుకుంటారు.

రేంజ్ చెప్పొద్దు. "11.5 నుంచి 12.5" అంటే అవతల వాళ్లకి వినపడేది 11.5 మాత్రమే. ఒక్క అంకె చెప్పండి, కారణం చెప్పండి, ఆగండి. ఆగడం కష్టం. నాలుగు సెకన్ల నిశ్శబ్దం తట్టుకోలేక "లేదంటే 11 అయినా పర్లేదండీ" అని మన ధర మనమే తగ్గించుకోవడం ఈ కాల్స్‌లో అన్నిటికన్నా ఎక్కువ జరిగే తప్పు.

కాల్ సుమారుగా ఇలా నడవాలి:

"ఆఫర్‌కి థాంక్స్ అండీ. మేనేజర్‌గారితో మాట్లాడాక ఈ రోల్ మీద ఆసక్తి ఇంకా పెరిగింది, చేరాలనే ఉంది. బ్రేకప్ చూశాను. నా ఇప్పటి జీతం మొత్తం ఫిక్స్‌డ్ కాబట్టి, ఫిక్స్‌డ్ నుంచి ఫిక్స్‌డ్‌కి చూస్తే పెరిగేది 17 శాతమే అవుతోంది. రోల్‌లో పెర్ఫార్మెన్స్ టెస్టింగ్ కూడా ఉంది కాబట్టి ఫిక్స్‌డ్ 12 చేయగలరా? అది కుదిరితే శుక్రవారం లోపు సంతకం చేసి పంపిస్తాను."

"అలా కుదరదండీ, 30 శాతం కంటే ఎక్కువ ఇవ్వం."

"అర్థమైంది. నేను ఆ 30 శాతం దాటమనడం లేదు, దాన్ని ఫిక్స్‌డ్ మీద లెక్క వేయమంటున్నాను. ఒకసారి కాంపెన్సేషన్ టీమ్‌ని అడిగి చూస్తారా? ఎప్పటికి చెప్పగలరు?"

అక్కడితో ఆపేయండి. గంటలోపు ఇదే విషయం మెయిల్ పెట్టండి, నాలుగు వాక్యాలు దాటకుండా: చేరాలని ఉంది, అడుగుతున్న అంకె ఇది, కారణాలు ఈ రెండు, ఒప్పుకుంటే ఫలానా రోజుకి సంతకం. ఆ మెయిల్‌నే ఆమె పైకి ఫార్వర్డ్ చేస్తుంది. కాబట్టి అందులో "మొన్న మీరు చెప్పినట్టు" లాంటి మాటలు, స్మైలీలు, మూడో మనిషికి అర్థంకాని సంగతులు ఉండకూడదు.

జవాబుగా వచ్చే మాటలు కొన్నే, వాటి వెనక అర్థాలూ కొన్నే. "ఇదే మా బెస్ట్ ఆఫర్" అని మొదటి కాల్‌లోనే అంటే అది అలవాటుగా వచ్చిన మాట. పైకి అడిగి వచ్చాక అదే మాట అంటే నిజం, ఇక అంకె వదిలేసి మిగతా వాటికి వెళ్లండి. "ఇంటర్నల్ పారిటీ" అంటే ఆ టీమ్‌లో మీ అనుభవం ఉన్నవాళ్లు ఇంతకన్నా తక్కువ తీసుకుంటున్నారని, ఇది చాలాసార్లు నిజమే. దీనికి ఫిక్స్‌డ్ కదలదు, ఒక్కసారి ఇచ్చే జాయినింగ్ బోనస్ కదులుతుంది. "అప్రైజల్‌లో చూసుకుందాం" అంటే ఏమీ లేదని అర్థం. దానికి ఎదురు ప్రశ్న ఒకటుంది: "వచ్చే ఏప్రిల్ సైకిల్‌కి నేను ఎలిజిబులా?" కొన్ని కంపెనీల్లో అక్టోబర్ 1 తర్వాతో, జనవరి 1 తర్వాతో చేరినవాళ్లని ఆ ఏప్రిల్ సైకిల్‌లో కలపరు. నవంబర్‌లో చేరి, తర్వాతి ఏప్రిల్ వదిలేసి ఆ పై ఏప్రిల్ దాకా ఆగితే 17 నెలలు అదే జీతం. ఎలిజిబుల్ కాదని చెబితే, ఇప్పుడే ఎక్కువ అడగడానికి అదొక మంచి కారణం.

అంకె ఆగిపోయాక అడగగలిగేవి ఉన్నాయి. అన్నీ ఒకేసారి, ఒకే మెయిల్‌లో అడగండి. సోమవారం వేరియబుల్, బుధవారం జాయినింగ్ బోనస్, శుక్రవారం వర్క్ ఫ్రమ్ హోమ్ అంటూ విడతలవారీగా అడిగితే ఇక దీనికి అంతు లేదనుకుంటారు, అప్పుడు న్యాయమైన కోరిక కూడా పోతుంది.

అందులో మొదటిది వేరియబుల్‌ని ఫిక్స్‌డ్‌లోకి మార్చడం. సీటీసీ 12 లక్షలే ఉంచి, 1.2 లక్షల వేరియబుల్‌ని 50,000కి తగ్గించి మిగిలిన 70,000 ఫిక్స్‌డ్‌లో వేయమనండి, ఫిక్స్‌డ్ 11.5 అవుతుంది. కంపెనీకి మొత్తం ఖర్చు అంకె మారదు కాబట్టి అప్రూవల్ తేలిక. కుదరదంటే వేరియబుల్ గురించి నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి: మూణ్నెల్లకోసారా, ఏడాదికోసారా, గత రెండేళ్లు ఈ గ్రేడ్‌కి ఎంత శాతం చెల్లించారు, కంపెనీ ఫలితాలకి ఎంత, నా రేటింగ్‌కి ఎంత, చెల్లింపు రోజున నోటీసులో ఉంటే ఇస్తారా. నాలుగోదానికి జవాబు "ఇవ్వం" అనే వస్తుంది, మీరు మారేటప్పుడు ఏ నెలలో రాజీనామా పెట్టాలో అది చెబుతుంది.

రెండోది పీఎఫ్. కంపెనీ ఒప్పుకుంటే 15,000 పరిమితి మీదే, అంటే నెలకి 1,800 చొప్పునే కట్టమనొచ్చు. కంపెనీ వాటాలో మిగిలేది స్పెషల్ అలవెన్స్‌లో కలపాలి, కలుపుతున్నారో లేదో బ్రేకప్‌లో చూసుకోండి. పై 12 లక్షల ఆఫర్‌లో ఇలా చేస్తే చేతికి నెలకి 7,200 పెరిగి 82,785 అవుతుంది. ఇది హైక్ కాదు, ఈ జేబులోది ఆ జేబులోకి మారడమే. పొదుపు చేసే అలవాటు లేనివాళ్లు పూర్తి పీఎఫ్ ఉంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఏదైనా సరే చేరేటప్పుడే ఎంచుకోవాలి, మధ్యలో తగ్గించడానికి కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు.

హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె అలవెన్స్) పెంచమని అడిగేవాళ్లున్నారు. కొత్త పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు, కాబట్టి ఆ గడి ఎంతున్నా ఒకటే. మీ జీతానికి పన్ను బాధ ఎలాగూ లేదు: 2025-26 లెక్క ప్రకారం 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుని 12.75 లక్షల దాకా ఉద్యోగులకి కొత్త విధానంలో పన్ను సున్నా. ఇది చదువుతున్న మిగతావాళ్లకి ఒక మాట: మీ గ్రాస్ 12.75 దాటి సుమారు 13.45 లక్షల లోపు పడుతుంటే, ఆ మధ్యలో పెరిగిన ప్రతి రూపాయీ దాదాపు పన్నుకే పోతుంది. అలాంటప్పుడు పెంపుని కంపెనీ వాటా ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టమ్) కింద పెట్టమనండి. కొత్త విధానంలో బేసిక్‌లో 14 శాతం దాకా దానికి మినహాయింపు ఉంది.

మూడోది జాయినింగ్ బోనస్, నోటీసు బైఅవుట్ (మిగిలిన నోటీసు రోజులకి డబ్బు కట్టి ముందే బయటపడటం). మీకు 90 రోజుల నోటీసు, కొత్తవాళ్లు 45 రోజుల్లో రమ్మంటే మిగిలిన 45 రోజులు ఎవరు కొంటారు? మీ పాత అపాయింట్‌మెంట్ లెటర్‌లో రికవరీ బేసిక్ మీదా, గ్రాస్ మీదా అన్నది చూడండి. బేసిక్ మీదైతే 55,500, గ్రాస్ మీదైతే 1,09,630. రెట్టింపు తేడా. బైఅవుట్ అనేది అసలు మీ హక్కుగా రాశారా, "మేనేజ్‌మెంట్ విచక్షణ" అని రాశారా అన్నదీ చూడండి. రెండోదైతే డబ్బు కడతానన్నా వదలకపోవచ్చు, కొత్తవాళ్లకి తేదీ మాట ఇచ్చే ముందే మేనేజర్‌తో మాట్లాడాలి. నోటీసు రికవరీ మీద జీఎస్టీ కూడా వేస్తామంటే, వర్తించదని 2022 ఆగస్టులోనే సర్క్యులర్ వచ్చిందని చెప్పండి. కొత్త కంపెనీ ఇచ్చే జాయినింగ్ బోనస్ జీతంలో భాగంగానే పన్ను లెక్కలోకి వస్తుంది. ఏడాది లోపు మానేస్తే తిరిగి కట్టాలని ఉంటుంది. అడగాల్సిన మార్పు ఒకటే: పూర్తి మొత్తం కాకుండా, పనిచేసిన నెలలు తీసేసి మిగిలినదానికే రికవరీ ఉండేలా, కంపెనీయే తీసేస్తే రికవరీ ఉండకుండా రాయమనండి. డబ్బు పెంచమనడం కన్నా ఈ వాక్యం మార్చమనడం తేలిక.

మీ ఆఫర్‌లో ఈసాప్స్ (ముందే ఖరారైన ధరకి కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు) లేవు కాబట్టి వాటిని పొడిగించను. ఉన్నవాళ్లు మాత్రం "ఇంత విలువ" అనే అంకెని సీటీసీలో కలపకుండా పోల్చుకోండి. గ్రాంట్ (ఇచ్చిన రోజు) నుంచి మొదటి వెస్టింగ్‌కి (ఆ హక్కు మీదయ్యే రోజుకి) కనీసం ఏడాది ఉండాలని చట్టమే చెబుతుంది. ఎక్సర్‌సైజ్ ధర (షేరు కొనే ధర) ఎంత, మానేశాక ఎన్ని రోజుల్లో కొనాలి అన్నవి తెలియకుండా వాటికి ఫిక్స్‌డ్ వదులుకోవద్దు.

జీతం దాచడం, పెంచి చెప్పడం గురించి కూడా అడిగారు. "ఇప్పటి సీటీసీ ఎంత" అని అడగకూడదనే చట్టం మన దగ్గర లేదు, మూడు నెలల పేస్లిప్‌లు అడగడం మామూలే. పెంచి చెబితే పేస్లిప్, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్ మూడింటిలో ఎక్కడో ఒకచోట బయటపడుతుంది, చేరిన మూడో నెలలో పడినా ఉద్యోగం పోతుంది. నిజం చెప్పండి, పూర్తిగా చెప్పండి: ఈ ఏడాది రావాల్సిన అప్రైజల్, సీటీసీలో చూపించని కంపెనీ ఇన్సూరెన్స్, రాబోయే రిటెన్షన్ బోనస్ ఇవన్నీ వదులుకుని వస్తున్నవే. జనవరిలో ఆఫర్ తీసుకుంటే ఏప్రిల్ హైక్ పోగొట్టుకుంటున్నట్టే, దాన్ని కూడా లెక్కలో పెట్టండి.

ఇంకో ఆఫర్ ఉందని అబద్ధం ఆడటం అంతకన్నా ప్రమాదం, లెటర్ చూపించమంటే దారి మూసుకుపోతుంది. నిజంగా ఉంటే చెప్పండి, కానీ వేలంపాటలా కాదు: "అక్కడ ఫిక్స్‌డ్ ఇంత ఉంది, నాకు ఇక్కడికే రావాలని ఉంది, ఇంత చేస్తే అది వదిలేస్తాను." ఒక్కసారి చెప్పాక, వాళ్లు అంత చేస్తే నిజంగానే వదిలేయాలి.

ఇక ఉన్న కంపెనీ సంగతి. ఈ ఆఫర్ చూపించి పెంచమనొచ్చు, కానీ ముందు ఒక విషయం తేల్చుకోండి: వెళ్లిపోవాలనుకోవడానికి కారణం జీతం ఒక్కటేనా? మేనేజర్, పని, ప్రమోషన్ ఆగిపోవడం లాంటివి ఉంటే అవి 15 శాతంతో మారవు. జీతం ఒక్కటే అయితే, రాజీనామా లెటర్ పెట్టకముందే మాట్లాడాలి. పెట్టాక ఇచ్చే కౌంటర్ ఆఫర్‌లో రెండు లోపాలుంటాయి. ఒకటి, వచ్చే ఏప్రిల్ హైక్‌నే ముందుకు జరిపి ఇవ్వడం, ఏప్రిల్‌లో మళ్లీ ఏమీ ఉండదు. రెండు, జీతంలో కాకుండా రిటెన్షన్ బోనస్‌గా ఇచ్చి ఏడాదిన్నర కట్టేయడం. సవరించిన జీతంతో, ఏ నెల నుంచి అన్న తేదీతో లెటర్ చేతికి రాకపోతే అది మాట మాత్రమే. కొత్త కంపెనీకి ఒప్పుకుని, ఆ లెటర్‌నే బేరానికి వాడుకుని, చివర్లో రానని చెప్పడం వల్ల పేరు పోతుంది. ఒక ఊళ్లో ఒకే రంగంలో రిక్రూటర్లు కంపెనీలు మారుతూనే ఉంటారు.

ఆఫర్ లేకుండా మామూలుగా పెంపు అడగాలంటే సమయమే ముఖ్యం. ఏప్రిల్‌లో లెటర్ వచ్చే చోట మేనేజర్ చేతికి టీమ్ బడ్జెట్ జనవరి, ఫిబ్రవరిలోనే వచ్చేస్తుంది. మొత్తం జీతాల మీద ఇంత శాతం అని ఒక కుండ ఇస్తారు, అందులోంచే అందరికీ పంచాలి. మార్చి చివర అడిగితే అప్పటికి కుండ ఖాళీ. డిసెంబర్‌లో పావుగంట టైం అడిగి, ఒక్క పేజీ కాగితం పంపండి: ఏడాదిలో మీరు చేసిన పనుల్లో అంకెలతో చెప్పగలిగినవి మూడు, జాబ్ డిస్క్రిప్షన్‌లో లేకపోయినా మీ మీద పడిన బాధ్యతలు రెండు, మీరు కోరుతున్న అంకె. మీ విషయంలో మొదటి వాక్యం ఇలా ఉండొచ్చు: "రిగ్రెషన్ సూట్ మూడు రోజుల నుంచి ఆరు గంటలకి తగ్గింది, దాంతో నెలకి రెండు రిలీజ్‌లు సాధ్యమయ్యాయి." "కష్టపడి పనిచేశాను" అనే వాక్యం ఎక్కడా ఉండకూడదు, అది మీ పక్క సీటువాళ్ల కాగితంలో కూడా ఉంటుంది. కుండలోంచి వచ్చేది కొద్దిగానే. అంతకు మించి కావాలంటే రెండే దారులు, ప్రమోషన్‌తో బ్యాండ్ మారడం, లేదా మార్కెట్ కరెక్షన్ అని సైకిల్ బయట చేసే సవరణ. ఏ దారిలో అడుగుతున్నారో పేరు పెట్టి అడగండి, రెండింటికీ అప్రూవల్ వేరే చోట నుంచి రావాలి.

అంతా తేలాక లెటర్. ఫోన్‌లో "చేసేశాం అండీ" అన్నదీ, లెటర్ ఆఫ్ ఇంటెంట్ అన్నదీ ఆఫర్ కాదు. ఫిక్స్‌డ్, వేరియబుల్, గ్రేడ్, పనిచేసే ఊరు, చేరే తేదీ, నోటీసు కాలం, బోనస్ రికవరీ వాక్యం, అప్రైజల్ అర్హత ఇవన్నీ సవరించిన పీడీఎఫ్‌లో ఉండాలి. అప్రైజల్ గురించి లెటర్‌లో రాయమంటే చాలాచోట్ల ఒప్పుకోరు, కనీసం మెయిల్‌లో ధ్రువీకరించమనండి. ఆఫర్ చివర్లో "వెరిఫికేషన్‌కి లోబడి" అని ఉంటుంది. మీ పాత ఉద్యోగాల తేదీల్లో నెల తేడా లాంటివేమైనా ఉంటే ఇప్పుడే చెప్పేయండి. వీలైతే వెరిఫికేషన్‌లో ప్రస్తుత కంపెనీ మినహా మిగతావి రాజీనామాకి ముందే ముగించమని అడగండి, కొన్ని కంపెనీలు చేస్తాయి. సవరించిన లెటర్ మీద సంతకం చేసి పంపి, అందిందని వాళ్ల నుంచి జవాబు మెయిల్ వచ్చాకే మీ రాజీనామా మెయిల్ కదలాలి.